బొంతలమ్మ మడుగు

నల్లమల కొండలు వాలుగా దిగే చోట, బొంతలకోన అనే చిన్న లోయలో శ్రీ బొంతలమ్మ తల్లి కొలువై ఉన్నది. బస్సు దిగి చింతతోపు పక్కగా నడిచి వచ్చేవారికి ముందు మడుగు కనిపిస్తుంది, ఆ తర్వాతే గుడి. గుడికి గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. మట్టిగోడల మీద పెంకుల కప్పు మాత్రమే. ఆర్భాటం కోరి వచ్చినవారు కాస్త చిన్నబుచ్చుకుంటారు గాని, చంకలో పసిబిడ్డతో వచ్చినవారు ఒక పట్టాన కదలరు.

మడుగులోకి ఏరు వచ్చి కలుస్తుంది. బయటికి పోయే దారి లేదు. అందువల్ల ఏటినీరు తెచ్చిన ఒండ్రు ఏడాదికేడాది అడుగున పరచుకుంటుంది. ఈమధ్య విశ్వవిద్యాలయం వారు వచ్చి, పడవ మీదినుంచి పొడవాటి గొట్టాలు దించి, ఆ ఒండ్రును చెరకుగడలాగా నిలువునా తీసి పట్టుకుపోయారు. అందులో అక్కడక్కడ బూడిద పొరలు ఉన్నవట. సముద్రాల అవతల ఎక్కడో నిప్పుకొండలు పగిలినప్పుడు గాలి మోసుకొచ్చిన బూడిద అట. దాని మీద ఎన్ని ఒండ్రు పొరలు ఉన్నవో లెక్కిస్తే ఏ కొండ ఏ ఏట పగిలిందో తెలుస్తుందట. ఆ విద్య ఈ కోనకు కొత్త కాదు. అమ్మవారు ఇక్కడ వెలసినదే ఆ లెక్క వల్ల.

పూర్వం ఇక్కడ దిన్నెపాడు అనే ఊరు ఉండేది. ఆ ఊరిలో కుమ్మరి ఓబుళమ్మ కుండలు చేసేది, కాన్పులు చూసేది. ఆమె చేతుల్లో పుట్టనివాడు ఉండవచ్చు గాని, ఆమె కుండలో వండిన అన్నం తిననివాడు ఆ ఊరిలో లేడు. నోరు పెద్దది. మనసు అంతకన్నా పెద్దది.

ఆ ఊరికి ఒక భయం ఉండేది. ముత్తాతల కాలంలో పట్టపగలు ఆకాశం మసకబారి, బూడిద కురిసి, పైర్లు మాడి, పశువులు మేత లేక పడిపోయాయట. చూసినవారు ఎవరూ మిగలలేదు. ఒక సామెత మాత్రం మిగిలింది: ‘దుర్ముఖి ఏట దుమ్మే దుప్పటి.’ దుర్ముఖి నామ సంవత్సరంలో పుట్టిన బిడ్డ ఊళ్లో ఉంటే మళ్లీ బూడిద కురుస్తుందని దానికి అర్థం చెప్పుకున్నారు. మన ఏళ్ల పేర్లు అరవై; అరవై ఏళ్లకొకసారి ప్రతి పేరూ తిరిగి వస్తుంది. దుర్ముఖి వచ్చినప్పుడల్లా ఆ ఏట పుట్టిన బిడ్డలను పురిటి స్నానం నాటికి కొండ దాటించి, అవతల మందలు తోలుకుపోయే గొల్లలకు ఇచ్చివేసేవారు. చంపడం కాదు గదా అని మనసుకు సర్దిచెప్పుకునేవారు. కన్నతల్లికి ఆ రెండింటికీ తేడా ఎంత?

ఓబుళమ్మ ఊహ తెలిసీ తెలియని వయసులో ఉండగా వచ్చిన దుర్ముఖిలో ఆమెకు చెల్లెలు పుట్టింది. బొంతలో చుట్టిన ఆ పసికందును తండ్రి ఎత్తుకొని కొండమలుపు తిరగడం ఆమె గడపలో నిలబడి చూసింది. తర్వాత చాలాకాలం ఆమె తల్లి వట్టి ఉయ్యాలను ఊపుతూ కూర్చునేది. ఎవరూ వద్దనలేదు.

అరవై ఏళ్లు తిరిగాయి. మళ్లీ దుర్ముఖి ఉగాది వచ్చింది. ఓబుళమ్మ కోడలు నాగక్క అప్పటికి నిండు చూలాలు. ఏడు మారేదాకా ఆగమని కడుపులోని బిడ్డకు చెప్పడం ఎవరి తరం? వైశాఖంలో ఆడపిల్ల పుట్టింది. పిల్ల ఏడుపు వినగానే వీధిలోని వారు తలుపులు వేసుకున్నారు. ఊరిపెద్ద బసిరెడ్డి వాకిట్లోకి వచ్చి తల వంచుకొని నిలబడ్డాడు.

“రెడ్డీ, నువ్వు కాళ్లు ముందు పెట్టి పుట్టినావు,” అన్నది ఓబుళమ్మ. “ఆ పొద్దు నిన్నూ అపశకునమనే అన్నారు. నేను నిన్ను దాటించమంటినా?”

“నాకు మాత్రం పసిబిడ్డ మీద పగ ఉంటాదా అవ్వా? బూడిద పడితే అందరి బిడ్డలూ పోతారు గదా. పురిటి స్నానం దాకా ఆగుతా. ఆపైన నా చేతిలో లేదు.”

అతను చెడ్డవాడు కాడు. అదే కష్టం. చెడ్డవాడైతే తిట్టి పంపవచ్చు.

మరునాడు మధ్యాహ్నం కుండలు కాల్చే ఆవం పక్కన ఓబుళమ్మ కునుకు తీసింది. కలలో మడుగు ఒడ్డున ఒక ముత్తైదువ కూర్చుని పాతచీరలు ఒకదాని మీద ఒకటి పరిచి బొంత కుడుతున్నది. ఎవరికి తల్లీ అని అడిగితే ఆమె తల ఎత్తకుండానే, “ఊరికే కుడుతున్నా. ఏడాదికొక చీర పరుస్తున్నా. ఆ పొద్దు పడిన బూడిదను కూడా వీటి నడుమనే దాచినా. ఎన్ని చీరల కింద ఉందో ఒక్కరూ అడగరేమే?” అన్నది.

ఓబుళమ్మ ఉలిక్కిపడి లేచింది. జీవితమంతా ఆమె ఆ మడుగు మట్టితోనే బతికింది. వానకాలం ఏరు ఎర్రటి ఒండ్రు తెస్తుందని, నీరు నిలకడ తేలిన ఎండకాలంలో దాని మీద తెల్లటి మెత్తటి మట్టి పేరుకుంటుందని ఆమెకు తెలుసు. ఎరుపు, తెలుపు కలిస్తే ఒక ఏడు. చాలా లోతున బూడిద వన్నె గరుకు పొర ఒకటి ఉంటుంది. అది తగలగానే కుమ్మరివారు దండం పెట్టి తవ్వకం ఆపేసేవారు. అది ఏ ఏటిదో అడగాలని ఎవరికీ తోచలేదు.

ఆమె నేరుగా పంచాంగం చెప్పే శేషావధాని ఇంటికి వెళ్లింది. “సామీ, నువ్వు ఏండ్ల పేర్లు ఎనక్కు సదువు. నేను మట్టి తీస్తా.”

“ఇన్నాళ్లూ ముందుకే చదివానమ్మా. వెనక్కు చదవమని అడిగినవారు లేరు,” అంటూనే అవధాని ఉత్తరీయం భుజాన వేసుకొని బయలుదేరాడు.

ఆ వేసవి మడుగు బాగా కుంగి ఉన్నది. ఓబుళమ్మ కొడుకు బయటపడిన ఒండ్రులో లోతుగా గుంట తీసి, ఒక గోడను నిలువుగా చెక్కాడు. తడిగుడ్డతో తుడిస్తే ఎరుపు, తెలుపు చారలు బొంత అంచులాగా తేలాయి. ఊరంతా గట్టున చేరింది. ఈ ఏటి వాన ఇంకా పడలేదు గనుక పై పొర కిందటి ఏడు మన్మథది. ఓబుళమ్మ వెదురుబద్దతో ఒక్కొక్క పొర గీస్తుంటే అవధాని పేరు చెబుతున్నాడు: మన్మథ, జయ, విజయ, నందన, ఖర...

బహుధాన్య అన్నప్పుడు ఉల్లిపొర అంత పలుచని చార వచ్చింది. అది వాన లేని ఏడని అందరికీ జ్ఞాపకమే. “పేరు బహుధాన్య, గాదెలో గింజ సున్న,” అని ఎవరో అంటే నవ్వారు. లెక్క సరిగానే నడుస్తున్నదని అందరికీ ధైర్యం వచ్చింది.

అరవయ్యో పేరుగా అవధాని దుర్ముఖి అన్నాడు. ఓబుళమ్మ చేయి ఆగిపోయింది. పైవాటి లాంటి పొరే. ఎరుపు, తెలుపు, నిండుగా. ఆమె దాని మీద అరచేయి ఆనించి, “ఇది నా చెల్లెలి ఏడు,” అన్నది. ఆమె కళ్లలో నీళ్లు నిలిచాయి. అవధాని తొందరపెట్టలేదు.

మళ్లీ మన్మథ దగ్గర మొదలుపెట్టారు. ఆ వరుసలోనూ బూడిద తగలలేదు; మూడో వరుస మొదలైంది. ప్రభవ దాటింది, అక్షయ దాటింది. క్రోధన, రక్తాక్షి, రుధిరోద్గారి, దుందుభి... వెదురుబద్ద గరగరలాడింది. బూడిద! అవధాని నోట వచ్చిన పేరు దుర్మతి.

ఆయన ఆ పేరును మరొకసారి తనలో తాను అనుకున్నాడు. “దుర్మతి ఏట దుమ్మే దుప్పటి. అసలు సామెత ఇదేనమ్మా. పళ్లూడిన ఏ ముత్తవ్వ నోటిలోనో దుర్మతి కాస్తా దుర్ముఖి అయింది.”

బసిరెడ్డి ఒప్పుకోలేదు. తానే దిగి, గుంటకు ఎదురుగోడ చెక్కించి, తన చేత్తో మళ్లీ గీశాడు. అదే పేరు వచ్చింది. అప్పుడు గట్టు మీద ఒకడు, “అట్లయితే దుర్మతిలో పుట్టినోళ్లను దాటించాలేమో!” అన్నాడు. భయం ఊరికే పోదు, ఒక ఇల్లు ఖాళీ చేస్తే పక్కింట్లో చేరుతుంది.

ఓబుళమ్మ వెదురుబద్ద కింద పెట్టి, “దుర్మతిలో పుట్టినోడు ఎవరో నాకు తెల్దా? మంత్రసానిని నేను. రెడ్డీ, నువ్వు పుట్టిన ఏడు ఏది?” అన్నది.

రెడ్డి ముఖం పాలిపోయింది. ఆమె మొదటి వరుసలోని దుర్మతి పొరను వేలితో చూపింది. చుక్క బూడిద లేదు. “చూసుకో నాయనా. నువ్వు పుట్టినావు, ఏమీ పడలేదు. పాపం ఏటిదీ కాదు, బిడ్డదీ కాదు.”

గట్టున నవ్వులు లేచాయి. రెడ్డి కూడా నవ్వబోయి ఏడ్చాడు. ఆ బురదకాళ్లతోనే ఓబుళమ్మ ఇంటికి పోయి, పిల్లను చూడనిమ్మని నాగక్కను వేడుకున్నాడు. ఆమె పిల్లను తన ఒడిలోనే ఉంచుకొని చూపించింది.

ఓబుళమ్మ మాత్రం గుంట దగ్గరే ఉండిపోయింది. “ఒక్క మాట తప్పు సామీ. ఒక్క మాట తప్పుకు నా చెల్లెల్ని ఇచ్చేసినారు,” అన్నది. అవధాని ఆమె పక్కన మట్టిలోనే కూర్చున్నాడు.

ఊరివారు కొండ అవతలికి పోయి మందమందకూ విచారించారు. అరవై ఏళ్ల కిందట ఎవరి చేతిలో పెట్టిన బిడ్డ, ఏ దారిన పోయిందో చెప్పగలిగినవారు దొరకలేదు. అప్పుడు ఓబుళమ్మ ఆ మడుగు మట్టితోనే కలలో చూసిన తల్లిని చేసింది. కుడి తొడ మీద బిడ్డ. ఎడమ పక్కన నేల మీద పరిచిన బొంత, దాని మీద ఎవరూ లేరు. ఎవరికమ్మా అది అని నాగక్క అడిగితే, “నా చెల్లెలు ఎప్పుడైనా వస్తే పడుకోవద్దా?” అన్నదట.

నేటికీ గర్భాలయంలో ఉన్నది ఆ మట్టిరూపమే. ఏటా వైశాఖంలో కొత్త మట్టితో మెత్తుతారు. ఏ ఏట, ఏ నక్షత్రంలో పుట్టిన బిడ్డనైనా ఇక్కడ దోషం అడగకుండా తల్లి కుడి తొడ మీద ఉంచి ఆశీర్వదిస్తారు. పాతచీరలతో కుట్టిన బొంతను అమ్మవారి ఎడమ పక్కన పరచి మొక్కుకుంటే పిల్లలు నిండు నూరేళ్లు వర్ధిల్లుతారని, బిడ్డను పోగొట్టుకున్న తల్లులకు గుండెబరువు తగ్గుతుందని భక్తుల నమ్మకం. సాయంకాలం హారతికి ముందు అర్చకులు గుడి తలుపు రెండు రెక్కలూ తెరిచి, కొండవైపు తిరిగి, “అమ్మా, పక్క పరిచి ఉంది, రా” అని పిలుస్తారు. కాసేపు ఎదురుచూస్తారు. ఆ తర్వాతే హారతి వెలిగిస్తారు.