డోలు ఆగిన ఆరు నిమిషాలు

డోలు మాలకొండయ్య గారిని ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పి ఊరుకునేవారు కాదు. అడిగినవాణ్ణి లేపి ఎక్కడికో తీసుకుపోయేవారు, లేకపోతే వాడి చేతికి ఏదో ఒక పని ఇచ్చేవారు. పని అయ్యేసరికి ఆ ప్రశ్న మిగిలేది కాదు. ఆయన దగ్గర డోలు నేర్చుకున్న చెంచయ్య ఒకసారి ఒక ప్రశ్న అడిగాడు. దానికి ఆయన ఇచ్చిన జవాబును మా చింతలరేవులో మూడు రకాలుగా చెప్పుకుంటారు. అందులో రెండు తప్పు. ఆరోజు నేను అక్కడే ఉన్నాను, గొంతు పోయేలా అరిచినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. నేను చూడనిది చెంచయ్యే తర్వాత చెప్పాడు. కనుక జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు మా జట్టు సంగతి చెప్పాలి. ఇప్పటివాళ్ళు కబడ్డీ అంటారు, నేను చెడుగుడనే అంటాను. ఒకడు కూత పెట్టుకుంటూ అవతలి బరిలోకి పోయి, ఎవరినైనా తాకి, ఊపిరి తెగకుండా నడిమి గీత దాటి వెనక్కి రావాలి. తాకి వస్తే పాయింటు మనది, పట్టుబడితే వాళ్ళది. పట్టడంలో మావాళ్ళు మొసళ్ళు. మా బరిలోకి వచ్చినవాడు తిరిగిపోవడం అరుదు. వచ్చిన తంటా అంతా మావాళ్ళు కూతకు వెళ్ళడంలోనే ఉంది. ఆ వేసవిలో వరసగా మూడు ఆదివారాలు ఓడిపోయాం. మూడుసార్లూ ఒకటే తీరు. మావాడు వెళ్ళేవాడు, ఖాళీ చేతులతో వచ్చేవాడు, లేదా అసలు వచ్చేవాడే కాదు.

కూతకు వెళ్ళేవాడు సింగరకొండ, చెంచయ్య తమ్ముడు. తల్లి పోయాక చెంచయ్యే వాణ్ణి పెంచాడు. వాళ్ళది సన్నాయి మేళం వీధి. పక్క ఊళ్ళవాళ్ళు తమ జట్టుకోసం ఈలలు వేస్తారు, రేకు డబ్బాలు కొడతారు. మాకు డోలు ఉంది. మావాడు గీత దాటి అవతల కాలు పెట్టగానే డోలు మొదలవుతుంది. నిదానంగా ఎత్తుకుని, వాడు లోపలికి పోయేకొద్దీ వేగం పెంచుతారు. ఇది మా తాతల నాటినుంచి వస్తున్న మర్యాద. డోలు లేకుండా చింతలరేవు ఆటగాడు కూతకు వెళ్ళాడని ఎవరూ విని ఉండరు. సింగరకొండ వెనక వాయించేది వాళ్ళన్న చెంచయ్యే.

మూడో ఓటమి తర్వాత ఊరిపెద్దలు బడ్డీకొట్టు ఓబులేసు అరుగుమీద కూర్చుని ఒక మాట అనుకున్నారు. నాలుగో ఆదివారం మడకపాడు జట్టుతో ఆట. ఆరోజు కూడా సింగరకొండ ఖాళీగా వస్తే వాణ్ణి జట్టులోంచి తీసేసి, బయటి ఊరినుంచి ఒక ఆటగాణ్ణి పిలిపించాలి. ఆ మాట వాడి చెవిన పడింది. అప్పటినుంచి అన్నం ముందు కూర్చుని, నాలుగు మెతుకులు కెలికి లేచిపోతున్నాడు. వాడికి తెలిసిన ఆట అదొక్కటే. డోలు వాడి చేతికి రాలేదు, సన్నాయి వాడి పెదవికి రాలేదు. మేళం వీధిలో పుట్టి ఏ వాద్యమూ రానివాడు, చెడుగుడు కూడా రానివాడని పేరు పడితే ఆ వీధిలో తలెత్తుకుని నడవలేడు.

శనివారం పొద్దున చెంచయ్య గురువుగారి దగ్గరికి వెళ్ళాడు. ఆయన పంచలో కూర్చుని డోలుకు వార్లు బిగిస్తున్నారు.

“గురువుగారూ, ఒక మాట అడగాలండి.”

“అడుగు.”

“మేము గీత బయట కూర్చునేవాళ్ళం. లోపలికి పోయి ఆడలేం. మా ఆత్రం లోపలున్నవాడికి అందుతుందాండీ, అందదా?”

“అందకేం?”

“అందితే వాడెందుకండీ ఖాళీగా వస్తున్నాడు? ఊరంతా నన్నే అంటున్నారు. ఇంకా గట్టిగా వాయించు, ఇంకా జోరు పెంచు అని. వేళ్ళు పగిలి నెత్తురొచ్చేదాకా వాయిస్తున్నా. ఇంతకంటే ఏం చెయ్యాలో తెలియటంలేదు.”

మాలకొండయ్య గారు వాడి వేళ్ళు చూశారు. చేతిలో ఉన్న తోలువారు బిగించి ముడి వేశారు.

“అందుతుంది. ఎవరెవరికి అందుతుందో రేపు చూద్దాం.”

ఆయన ఎన్నడూ ఆటల దగ్గరికి వచ్చిన మనిషి కాదు. ఆదివారం సాయంత్రం నాలుగింటికి గొడుగు వేసుకుని బడి గ్రౌండులోకి వస్తుంటే జనం లేచి దారిచ్చారు. ఆయన మా వైపు కూర్చోలేదు. నేరుగా నడిచి అవతలికి పోయి, మడకపాడు జట్టు వెనక, గీతకు బారెడు దూరంలో చతికిలబడ్డారు. మాకు అది నచ్చలేదు. “ముసలాయనకు చూపు ఆనటంలేదేమో, వైపు మర్చిపోయాడు” అన్నాను నేనే.

ఆట మొదలైంది. సింగరకొండ మొదటిసారి వెళ్ళి ఎవరినీ తాకకుండా వచ్చాడు. ఓబులేసు లేచి నిలబడ్డాడు.

“ఒరే సింగా! చుట్టపుచూపుకి వెళ్ళొస్తున్నావేందిరా? మంచినీళ్ళే ఇచ్చారా, కాఫీ కూడా పోశారా?”

రెండోసారి వెళ్తే కాలు పట్టుకున్నారు. తర్వాత మావాళ్ళు వాళ్ళలో ఒకణ్ణి పట్టేసరికి, బయట కూర్చున్నవాడు మళ్ళీ లోపలికి వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ దొరికాడు. మడకపాడు వాళ్ళు నవ్వుతున్నారు. “మీ అల్లుణ్ణి ఇంకోసారి పంపండయ్యా! మర్యాదలు చేసి పంపిస్తాం!” అని ఒకడు చేతులు ఊపాడు. చెంచయ్య తల దించుకుని వాయిస్తూనే ఉన్నాడు. వాడి చొక్కా వీపుకు అంటుకుపోయింది. సగం ఆట అయ్యేసరికి వాళ్ళకు పదహారు, మాకు తొమ్మిది. ఆ తొమ్మిదీ మావాళ్ళు పట్టి సంపాదించినవే.

విరామంలో గురువుగారు చెయ్యెత్తి చెంచయ్యను పిలిచారు. డోలును వాడి బావమరిది రమణయ్యకు ఇచ్చి రమ్మన్నారు. చెంచయ్య వెళ్ళాడు. జట్లు వైపులు మారాయి కనుక ఆయన కూడా లేచి మళ్ళీ మడకపాడు వాళ్ళ వెనకే చేరారు. చెంచయ్యను పక్కన కూర్చోబెట్టి, భుజంమీది తుండుగుడ్డ తీసి వాడి కళ్ళకు కట్టారు.

“గురువుగారూ, నా తమ్ముడు చస్తున్నాడండీ అక్కడ! ఇప్పుడేందండీ ఈ ఆట?”

“నోరు మూసుకో. వాడు కూతకు వచ్చినప్పుడు, వాడి కాలు నేలమీద పడ్డప్పుడల్లా నా మోకాలిమీద తట్టు.”

“కనబడందే ఎట్లా తట్టేది?”

“తట్టు.”

సింగరకొండ గీత దాటాడు. అవతల రమణయ్య డోలు ఎత్తుకున్నాడు. చెంచయ్య చెయ్యి దానంతటదే లేచింది. తట్టాడు. మళ్ళీ తట్టాడు. గురువుగారు ఒకసారి సింగరకొండ కాళ్ళకేసి, ఒకసారి తన మోకాలికేసి చూస్తున్నారు. ఒక కూత, రెండు కూతలు, అయిదు కూతలు పోయినా ఒక్క అడుగు తప్పిపోలేదు. డోలు వేగం పెరిగింది, అడుగులూ పెరిగాయి, చెంచయ్య తట్టడమూ పెరిగింది. పుట్టినప్పటినుంచి డోలు పక్కన ఉయ్యాలలో నిద్రపోయినవాడి కాళ్ళు అవి. చేతులు తాళం నేర్వలేదుగాని కాళ్ళు నేర్చాయి.

“ఇక చాలు. ఇప్పుడు వాణ్ణి ఎప్పుడు పడతారో చెప్పు” అన్నారు గురువుగారు.

చెంచయ్య చెప్పకూడదనుకున్నాడు. డోలు సుళ్ళు తిరిగి తాళం మొదటి దెబ్బమీదికి వచ్చి పడబోతోంది, తమ్ముడి కాలూ దానితోనే పడుతుంది, అది వాడికి ఎముకల్లో తెలుసు. చెయ్యి లేచిపోయింది. అది గాలిలో ఉండగానే మా వైపు జనం అంతా ఒక్కసారి “అయ్యో” అన్నారు. గుడ్డ లాగేసుకుని చూస్తే తమ్ముడు నలుగురి కింద ఉన్నాడు. ఒక చెయ్యి మాత్రం గీతవైపు చాచి ఉంది.

“వీళ్ళకు తాళం తెలుసా గురువుగారూ? మడకపాడులో మేళమే లేదు గదండీ.”

“డోలు వింటే పసిబిడ్డ కూడా కాలాడిస్తుంది. దానికి మేళం ఎందుకు?”

“వాళ్ళకెవరు నేర్పారు?”

చెంచయ్య తన వేళ్ళకేసి చూసుకున్నాడు. తర్వాత లేచి పరుగెత్తాడు. ఇంకా ఆరు నిమిషాల ఆట ఉంది.

రమణయ్య ఇంకా ఆపకముందే వెళ్ళి డోలుమీద రెండు అరచేతులూ పరిచాడు. శబ్దం అక్కడికక్కడే చచ్చిపోయింది. మేమంతా లేచాం.

“ఏందిరా, పిచ్చెక్కిందా? నీకు చేతగాకపోతే ఇంకొకణ్ణి వాయించనీ!” అన్నాడు ఓబులేసు.

“వాయించేది లేదు బాబాయ్.”

“తోడబుట్టినవాడే ముంచుతున్నాడయ్యా! చూడండి, చూడండి!”

ఓబులేసు డోలు కర్ర లాక్కోబోయాడు. చెంచయ్య దాన్ని పొట్టకింద పెట్టుకుని డోలుమీద బోర్లా పడుకున్నాడు. నేను వాడి కాలు పట్టుకుని లాగాను, దాచడమెందుకు. వాడు కదల్లేదు. అంతలో మావాళ్ళు ఇద్దరిని పట్టారు. సింగరకొండ లోపలికి వచ్చాడు. కూతకు వాడే వెళ్ళాలి.

గీత దగ్గర నిలబడి డోలు కోసం ఆగాడు. రాలేదు. వెనక్కి తిరిగి చూశాడు. అన్న డోలుమీద పడుకుని ఉన్నాడు, చుట్టూ జనం తిడుతున్నారు. ఆ పిల్లవాడి ముఖం నేను చూశాను. వాడికి ఒకటే అర్థమైంది, అన్న కూడా తనను వదిలేశాడని. చెంచయ్య నోరు తెరిచాడు. ఆట నడుస్తుండగా లోపలివాడికి బయటివాళ్ళు సలహా చెబితే పాయింటు అవతలివాళ్ళకు ఇస్తానని రెఫరీ ముందే హెచ్చరించి ఉన్నాడు. చెంచయ్య నోరు మూసుకున్నాడు. రెఫరీ ఈల వేశాడు.

సింగరకొండ కూత పెట్టి లోపలికి వెళ్ళాడు. అరుపులున్నాయి, కానీ అరుపులకు తాళం ఉండదు. మొదటి అడుగు వేసి, మెట్టు ఉందనుకుని కాలు పెట్టిన మనిషిలా తూలాడు. మడకపాడు మూలవాడు దూకబోయి ఆగాడు. ఎప్పుడు దూకాలో వాడికి తెలియలేదు. ఆగినవాడి భుజానికి సింగరకొండ వేలు తగిలింది. అది తగిలిందని ముందు సింగరకొండకే నమ్మకం కలగలేదు. వెనక్కి గెంతి గీత దాటి, మోకాళ్ళమీద పడి, తన వేలు తను చూసుకున్నాడు.

ఆ తర్వాత జరిగిన ఆట మా ఊళ్ళో ఇంకా చెప్పుకుంటారు. ఆరు నిమిషాల్లో వాడు అయిదుసార్లు వెళ్ళాడు. ఒకసారి దొరికాడు, ఒకసారి ఉత్తచేతులతో వచ్చాడు, మూడుసార్లు తాకి వచ్చాడు. అందులో ఒకసారి ఇద్దరిని తాకాడు. అయినా ఓడిపోయాం. ఇరవైనాలుగు, ఇరవైమూడు. గెలిచామని చెప్పేవాళ్ళు ఉన్నారు. వాళ్ళు చెప్పేది తప్పు.

ఆట అయ్యాక ఓబులేసు తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ, “సరేలే, పిల్లవాణ్ణి తీసెయ్యాలన్న మాట ఇక ఎవరూ ఎత్తబాకండి” అన్నాడు. ఎత్తింది తనే. సింగరకొండ అన్న దగ్గరికి వచ్చాడు. మోచెయ్యి దోక్కుపోయి మట్టి అంటుకుని ఉంది.

“నువ్వు నన్ను వదిలేశావనుకున్నా అన్నా.”

చెంచయ్య తల అడ్డంగా ఊపాడు.

“డోలు లేకపోయేసరికి నా కూత నాకే వినబడింది. నా గొంతు అట్లా ఉంటుందని నాకు ఇన్నాళ్ళూ తెలియదు” అని, మంచినీళ్ళ కుండ దగ్గరికి పోయాడు.

చెంచయ్య డోలు భుజానికి వేసుకుని గురువుగారి వెనక నడిచాడు. ఆయన గొడుగు ముడిచి చంకలో పెట్టుకున్నారు. బడి గేటు దగ్గర చెంచయ్య ఆగాడు.

“ఆ ఆరు నిమిషాలూ నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు గురువుగారూ. వాయిస్తున్నప్పుడే నయం, నేనేదో చేస్తున్నాననిపించేది. ఇక వాడికోసం ఎప్పటికీ వాయించకూడదాండీ?”

“ఎందుకు వాయించకూడదూ? వాడు గీత దాటి వెనక్కి వచ్చాక వాయించు.”

“రాకపోతేనో?”

మాలకొండయ్య గారు చెప్పుల్లో ఇరుక్కున్న ఇసుక దులుపుకున్నారు.

“అప్పుడు, వాడు బయటికొచ్చి కూర్చున్నాక, ఇంకాస్త దగ్గరికెళ్ళి వాయించు” అన్నారు.