అమ్ములు గొంతువాపు తీరిన పది దినముల మందు నోము కథ

గొంతు బాగైన బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొని, అక్షతలు చేతబట్టి ఈ కథ వినవలెను.

మృదుకంఠుడను ముని తన గురువగు సత్యశీల మహర్షికి నమస్కరించి, పసిబిడ్డలకు టాన్సిల్సు వాచి గుక్కెడు నీళ్ళు దిగనప్పుడు తల్లుల భయము తీరు నోమేదైనా కలదా యని అడిగెను. అందుకా మహర్షి ఇట్లు చెప్పెను.

గౌతమీ తీరమున నొక పట్టణములో మంగతాయారు అను ఇల్లాలు కలదు. ఆమెకు ఆరేండ్ల కూతురు అమ్ములు. పిల్ల తుమ్మినను తల్లికి పైప్రాణము పైననే పోయెడిది. ఒకనాడు అమ్ములుకు జ్వరము కాసి, టాన్సిల్సు రేగుపండ్లంత వాచెను. అన్నము ముద్ద చూచి పిల్ల ఏడ్చెను. వైద్యురాలు హైమావతమ్మ నోరు తెరిపించి, టార్చి వేసి చూచి, పొడిలో నీళ్ళు కలుపు మందు వ్రాసి, పది దినములు రెండు పూటలా తప్పక పోయవలెనని చెప్పెను.

మూడవనాటికి జ్వరము దిగెను. పిల్ల ఇడ్లీ తినెను. అది చూచి అత్తగారు అచ్చియ్యమ్మ, "తగ్గిపోయాక ఇంకా మందెందుకే, పసిదాని కడుపు పాడైపోద్ది. మిగిలింది ఫ్రిజ్జులో పెట్టు, మళ్ళీ ఎప్పుడైనా అక్కరకొస్తాది" అనెను. మంగతాయారు అట్లే సీసాను పెరుగు గిన్నె వెనుక దాచెను. నోము నడుమ విడిచిన దోషము ఊరక పోవునా?

నెల తిరుగకముందే జ్వరము మరల వచ్చెను. ఆమె వైద్యురాలి వద్దకు పోక, ఆ పాత సీసాయే తీసి రెండు దినములు పోసెను. కలిపిన మందు ఎప్పుడో చెడిపోయి యుండెను. మెడకు పసుపును సున్నమును పట్టించిరి. మూడవనాడు అమ్ములు ఉమ్మి కూడ మింగలేక, చొంగ కార్చుచు, మాట రాక, చేతితో గొంతు చూపెను. గొంతు మూసుకొనిపోవునని, ఇక అమ్మా అని పిలువదని మంగతాయారు హడలిపోయి, తెలిసిన దేవుళ్ళందరికి మ్రొక్కుచు బిడ్డను భుజాన వేసుకొని పరుగెత్తెను.

హైమావతమ్మ బిడ్డను ఆసుపత్రిలో చేర్చుకొని, సెలైను పెట్టించి, సూదిమందు వేయించెను. పిమ్మట సంగతి విని, "మూడు రోజులకే ఉద్యాపన చేసేశారా! పైగా మిగిలింది ప్రసాదంలా దాచారా?" అని కేకలు వేసెను.

"ఆపరేషను చెయ్యాలాండీ? పిల్ల నాకు దక్కుద్దా?" అని మంగతాయారు ఆమె కాళ్ళమీద పడెను.

"లేవమ్మా! చీము పట్టలేదు, ఆపరేషనూ అక్కర్లేదు. ఈసారి పది రోజులూ మందు పొయ్యి, చాలు."

రెండు దినములకు ఇంటికి వచ్చిరి. మంగతాయారు కొత్త మందు పూటపూటకు పోసి, గోడమీది క్యాలెండరుపై ఒక్కొక్క కుంకుమ బొట్టు పెట్టెను. ఆరవనాటి ఉదయము పిల్ల ఆడుకొనుచు మందు వద్దని మంచము క్రింద దూరగా, ఈమారు అచ్చియ్యమ్మయే చెంచా పట్టుకొని వంగి, "రావే దొంగముఖమా! ఇంకా పది బొట్లున్నాయి" అని లాగెను.

ఇరువదియవ బొట్టు పడెను. వైద్యురాలు చూచి గొంతు శుభ్రముగా నున్నదనెను. ఆ మధ్యాహ్నము అమ్ములు గారె కొరికి, "నానమ్మా, ఇందులో ఉప్పేదీ?" అని మూడిళ్ళకు వినబడునట్లు అరచెను. మంగతాయారు పొయ్యి వద్దనే కూలబడి, ఏడ్చుచు నవ్వెను.

కావున పసిబిడ్డల తల్లులు, జ్వరము దిగగానే సీసా మూయు నానమ్మలు, మంగతాయారువలె అన్నిటికి హడలిపోవువారు, వైద్యులు చూచి వ్రాసిన మందును వారు చెప్పినన్ని దినములు పోసి ఈ నోము నోచవలెను. అట్లు నోచిన యింట బిడ్డలు అడిగి అన్నము తిందురు, గొంతెత్తి పోట్లాడుదురు, తల్లులు కంటినిండ నిద్రపోవుదురు. కథ చెప్పుటలో మాట తప్పినను, మందు పోయుటలో పూట తప్పకుండుగాక.