బోలుస్తంభంలో దివాన్‌గారి గొలుసు

దివాన్ జగ్గప్పారావుగారు తప్పులో కాలేసిన రోజున తనకి అన్నం రెండు ముద్దలు ఎక్కువ దిగుతుందన్న సంగతి వరహాలు ఇంతవరకూ ఎవరి దగ్గరా పైకి అనలేదు. మొగపాలెం రాజావారికి పొద్దున్నే పేపరు చదివి వినిపించడం ఆమె ఉద్యోగం. అలాంటి నిజాలు పైకి అంటే ఉద్యోగం మిగలదు.

రాజావారికి ఒక ముచ్చట పుట్టింది. తన షికారు పడవకి తెరచాపలు ఎత్తే తాళ్లు మాసిపోయాయి, పసుపుపచ్చవి వెయ్యాలి. ఆదివారం గవర్నరు దొర వస్తున్నాడు.

ఆ పడవలో తెరచాప కట్టే స్తంభం లోపల బోలు. తాళ్లు అడుగున ఒక కంతలో దూరి, లోపల్నుంచే పైకి పోయి, కొసన చిన్న సందులోంచి బయటపడతాయి.

"కొత్త తాడు కొసని పాతదాని కొసకి కుట్టి లాగాలండి. పాతది బయటికొస్తా కొత్తదాన్ని ఎంటపెట్టుకొస్తాది," అన్నాడు పడవ నడిపే సరంగు ఎర్రయ్య. వరహాలుకి స్వయానా మేనమామ.

"రాజావారి కొత్త తాడు ఈ మురికి తాడు తోక పట్టుకుని రావాలా?" అన్నారు దివాన్‌గారు. పాత తాళ్లన్నీ పీకించి పొయ్యిలో పెట్టించారు. ఎదురు చెప్పినందుకు ఎర్రయ్యని కూడా పీకేశారు. ఆ చోటికి తమ తోడల్లుణ్ణి అప్పుడే అనుకున్నారు. ఎర్రయ్య పక్క రేవులో కూతురింటికి వెళ్లిపోయాడు.

కొత్త తాడు మాత్రం స్తంభంలోకి పోనంది. కిందనుంచి తోస్తే చుట్టలు చుట్టుకుని కూర్చుంది. పైకి మనిషినెక్కించి రాయి కట్టి వదలబోతే, సందులో రాయి పట్టలేదు. పొడుగు మేకు కడితే మధ్యలో అడ్డంపడింది. దివాన్‌గారు ఒక సంఘం వేశారు. సంఘం భోంచేసి, తప్పు స్తంభానిదేనని తేల్చింది.

రాజావారు ఒడ్డుకి వచ్చారు. వెనకే పేపరుతో వరహాలు.

"సరంగు పోతూ పోతూ ఏదో చేసిపోయాడు ప్రభూ," అన్నారు దివాన్‌గారు.

"పొద్దుగుంకేలోగా తెరచాప లేపినవాళ్లు ఏం కోరితే అది ఇస్తాను," అన్నారు రాజావారు. "లేవకపోతే ఎర్రయ్య మళ్లీ మన పొలిమేర తొక్కకూడదు."

వరహాలు పేపరు మడిచింది.

"దివాన్‌గారూ, మీ మెళ్లో గొలుసు బావుందండి."

అది నిరుడు నౌకాసేవకి మెచ్చి రాజావారిచ్చిన బంగారు గొలుసు. పడవెక్కితే దివాన్‌గారికి వాంతులు. అందుకని సేవంతా ఒడ్డునే చేశారు.

"కాస్త తేలిగ్గా కనిపిస్తోందండి."

"తేలికా? సాయంత్రానికి మెడ పట్టేస్తుంది."

"అంత బరువైతే మొరటుగా ఉండాలే."

"మొరటా? ఉంగరంలోంచి జారుతుంది, చూడు." తీసి, జార్చి చూపించారు.

"బిరుసేమో మరి."

"పామేనమ్మా. ఎటు వంచితే అటు వంగుతుంది."

వరహాలు రాజావారి వైపు తిరిగింది.

"స్తంభంలోకి ఎలాంటిది దూరుతుందో దివాన్‌గారే చెప్పేశారు ప్రభూ."

రాజావారు అప్పటికే చెయ్యి చాపారు.

గొలుసుకి సన్నటి పురికొస కట్టి, పై సందులోంచి వదిలారు. లోపల గలగలమంటూ దిగుతుంటే అందరూ స్తంభానికి చెవులానించారు, అందరికన్నా ముందు దివాన్‌గారు. అడుగు కంతలోంచి కొక్కెంతో గొలుసుని బయటికి లాగారు. వెంట పురికొస వచ్చింది. దాని కొసకి పసుపుపచ్చ తాడు కుట్టి పైకి లాగితే తాడు బుద్ధిగా స్తంభమెక్కింది. చిన్న తెరచాప తాడు కోసం గొలుసు ఇంకోసారి ప్రయాణం కట్టింది. "మెల్లిగా, మెల్లిగా," అంటూనే ఉన్నారు దివాన్‌గారు.

తెరచాపలు లేచాయి.

"ఏమంటావు వరహాలూ?" అన్నారు రాజావారు, మసిబారిన గొలుసు చేత్తో పట్టుకుని.

"ఇచ్చింది నిరుడైనా, నౌకాసేవలో ఇవాళే చేరింది ప్రభూ."

రాజావారు పొట్ట పట్టుకుని నవ్వారు. పడవవాళ్లు తువ్వాళ్లు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఎటు చూడాలో తెలియక దివాన్‌గారూ నవ్వారు.

"ఏం కావాలో కోరుకో."

"మా మావయ్య ఉద్యోగం మావయ్యకి."

"ఇచ్చాను. దివాన్, మీరే కబురు పెట్టండి."

"నేను పిలిస్తే తిడతాడు ప్రభూ."

నన్ను మాత్రం ఊరుకుంటాడా, అనుకుంది వరహాలు. మావయ్యని గెంటేసిన పూట పేపరు చాటున మొహం దాచుకున్న మేనకోడలాయె. ఇన్నాళ్లూ ఒక్క కబురూ లేదు. తిడితే తిట్టనీ, ఆ తిట్లు పడాల్సింది తనే.

"పక్క రేవు ఆఫీసుకి ఫోను నేనే చేస్తానండి," అని బంగళా మెట్లెక్కింది.