జరిగాకే రాద్దాం

మీరు ఆ దారినే వెళ్ళారు కదా, ఏం చూశారో నిజం చెప్పండి. బంగారమ్మ ఇంటి కప్పు సగం లేదు. వాకిట్లో కుండపెంకులు, పొయ్యి పక్కన పేడ. తుఫాను వచ్చిందనుకున్నారా? తుఫాను కాదు. చదువు.

ఆ ఇంట్లో ఉండేది బంగారమ్మ, ఆమె తమ్ముళ్ళు పైడయ్య, సూరప్ప. తమంత తెలివి, నిజాయితీ ఊళ్ళో ఎవరికీ లేవని ముగ్గురికీ గట్టి నమ్మకం. జీడిపిక్కలు కొట్టి కొట్టి, ఆ జీడి అంటి బంగారమ్మ చేతులు నల్లగా కాలిపోయాయి. నవ్వే ముందు ఆ చేతులు చూడండి. పట్నం బడిలో ఆయా ఉద్యోగం వస్తే ఆ బాధ తప్పుతుంది. దానికి శుక్రవారం పది గంటలకి చిన్న ఇంగ్లీషు పరీక్ష నెగ్గాలి. ఊరి బడి మాస్టారు ఓ అభ్యాసాల పుస్తకం ఇచ్చి, "జరిగిపోయిన పనికే భూతకాలం రాయాలమ్మా. జరగనిదానికి రాస్తే తప్పు" అన్నారు.

అంతే. ఆ మాట ఆమె కొంగున ముడేసుకుంది.

పుస్తకంలో ఉన్న తెలుగు వాక్యాలకి ఇంగ్లీషు రాయాలి. మొదటి వాక్యం, కుండ పగిలింది.

"బ్రోక్ అని రాసేద్దామా అప్పా?" అన్నాడు పైడయ్య అక్కతో.

"పగలకుండానే? అబద్ధాలు రాయడానికట్రా మనకి చదువు?"

ఇంకేముంది, కుండ పగిలింది. మధ్యాహ్నానికి ఉంచుకున్న గంజి అందులోనే ఉంది.

రెండోది, ఆమె వండుతూ ఉండగా ఆవు ఇంట్లోకి వచ్చింది. బంగారమ్మ గరిటె తిప్పుతూనే ఉంది. తమ్ముళ్ళు ఆవుని వెనక నుంచి తోశారు. ఆవు బెదిరి, కప్పుని మోసే నిట్టాడిని ఒక్క కుమ్ము కుమ్మింది. అంతే, కప్పు సగం కిందికి దిగింది. దుమ్ములోంచి లేచిన సూరప్పకి ఒకటే దిగులు. కప్పు కూలడం పుస్తకంలో లేదట, మరి ఇదెక్కడ రాయాలట.

ఆఖరిది, మేం స్టేషన్ చేరేసరికి రైలు వెళ్ళిపోయింది. రెండు పనుల్లో ముందు జరిగినదానికి హ్యాడ్ పెట్టమన్నారు మాస్టారు. అంటే ముందు రైలు వెళ్ళాలి, ఆ తర్వాతే వీళ్ళు చేరాలి.

శుక్రవారం పొద్దున పట్నానికి ఉన్న రైలు ఒక్కటే, ఏడింటిది. ఆరున్నరకే ముగ్గురూ స్టేషన్ బయట టీ బడ్డీ దగ్గర కూర్చున్నారు. బండి వచ్చేసింది, పరిగెత్తమని బడ్డీ తాత మొత్తుకున్నాడు.

"తొందరపెట్టకు తాతా. ఇప్పుడు వెళ్తే వాక్యం చెడుతుంది" అంది బంగారమ్మ.

కాళ్ళు రైలు వైపు లాగుతున్నా బిగబట్టుకు కూర్చుంది. ఆఖరి పెట్టె కనుమరుగయ్యాక ముగ్గురూ ఒక్క పరుగున ప్లాట్‌ఫారం ఎక్కి, బల్ల మీద పుస్తకం పెట్టి రాశారు. హ్యాడ్ లెఫ్ట్.

"ఒక్క తప్పు లేదు. ఇక పరీక్షకి పోదాం" అని బంగారమ్మ సంచీ భుజాన వేసుకుని రైలు కోసం చూసింది.

పుస్తకం నిండా అన్నీ ఒప్పులే, అన్నీ జరిగినవే. మీరైతే ఎన్ని మార్కులు వేస్తారు?