జిత్తయ్య లారీకి కట్టిన నిమ్మకాయలు

పోలమ్మ అనే మేకకు ఏడేళ్లు. కంటి ముందు ఏది వేలాడినా నమిలేయడం ఆమె అలవాటు.

అడవి నుంచి సంతకు దిగే ఘాట్ రోడ్డులో, పెద్ద మలుపు దగ్గర ఆమె కాపురం. మేత రోడ్డుకు అవతల. సాయంత్రం పిల్లలిద్దరూ ఆ మలుపు దాటే ఇల్లు చేరాలి. పెద్దదానికి పోయిన వానాకాలంలో గుమ్మడికాయల లారీ తగిలి కాలు కుంటిదైంది. ఆ లారీ నక్క జిత్తయ్యది. మలుపులో వేగం తగ్గిస్తే మగతనానికి తక్కువని అతగాడి నమ్మకం.

మలుపుకు పైన ఎలుగుబంటి భల్లయ్య టీకొట్టు. కిందికి దిగే లారీలన్నీ అక్కడ ఆగుతాయి. ఓ సాయంత్రం పోలమ్మ అక్కడికెళ్లి, మలుపులో కాస్త నెమ్మదిగా పొమ్మని జిత్తయ్యను మర్యాదగానే అడిగింది. పిల్లల్ని అదుపులో పెట్టుకోలేని ఆడవాళ్లే లారీలకు వంకలు పెడతారన్నాడు అతను, టీ ఊదుకుంటూ. భల్లయ్య నవ్వాడు. పక్కనున్న దున్నపోతు ఎందుకో తెలియకుండానే నవ్వాడు.

"పిల్లల్ని కట్టేసుకో వదినా. నా బంపర్‌కి నిమ్మకాయలు, మిరపకాయలు కట్టాను. మలుపు సంగతి అవే చూసుకుంటాయి."

"చిన్నప్పుడు నన్ను కట్టేశారు, ఇప్పుడు నా పిల్లల్నీ కట్టేయమంటున్నారు. యాక్సిలరేటర్ మీద నీ కాలొక్కటే ఎవరూ కట్టకూడదేం మరిదీ?"

జిత్తయ్య ఇంకో టీ చెప్పాడు. అది తాగి వచ్చేసరికి బంపర్‌కి దారం ముక్క మిగిలింది. పోలమ్మ మూతికి మిరపగింజ అంటుకుని ఉంది.

"తినేశావా?"

"పుల్లగా బాగున్నాయి."

చుట్టుపక్కల నిమ్మచెట్టు లేదు. చీకటి పడేలోగా సంతకు చేరాలి. జిత్తయ్య లారీ చుట్టూ రెండుసార్లు తిరిగాడు, ఎక్కలేదు.

"దిగులెందుకు, నిమ్మకాయలు నా కడుపులోనే ఉన్నాయిగా," అంది పోలమ్మ. "నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకో. కానీ మరిదీ, కుదుపొస్తే నాకు వాంతి. తర్వాత నన్ననకు."

లారీ పెళ్లికూతురి పల్లకీలా కదిలింది. జిత్తయ్య కాలు కాస్త బరువెక్కితే చాలు, పోలమ్మ నోటికి గిట్ట అడ్డం పెట్టుకుని డోకేది. అతను ప్రతి వంపులోనూ హారన్ కొట్టాడు. మెడ బయటికి చాచి మరీ చూశాడు.

పెద్ద మలుపు తిరగ్గానే రోడ్డు మధ్యలో మేకపిల్లలు. చిన్నది గట్టెక్కింది. కుంటిది ఇంకా కాలు ఈడ్చుకుంటోంది. లారీ దానికి బారెడు దూరంలో మెల్లగా ఆగింది. అది దాటేదాకా పోలమ్మ నోటికి అడ్డం పెట్టిన గిట్ట తీయలేదు.

"చూశావా వదినా, నిమ్మకాయల మహిమ!" అన్నాడు జిత్తయ్య చెమట తుడుచుకుంటూ.

"మహిమే. రేపు కూడా కట్టుకురా," అని ఆమె దిగిపోయింది.

బ్రేకును నమ్మనివాడికి, వాడు నమ్మినదాన్ని తినేసైనా సరే బ్రేకు నేర్పాలి.

ఆ తరవాత భల్లయ్య కొట్టు దగ్గర ఆగిన ప్రతి లారీ నిమ్మకాయలూ పోలమ్మ తినేసింది.