మెరుపు ఆగిన పూట

కొండలవతల ఒక రాజ్యంలో చదువుల మంత్రి ప్రతి బడికీ ఒక పెద్ద అద్దం పెట్టించాడు. పొద్దున్నే బడి తెరవగానే దాన్ని ఎండకు తిప్పితే, ఆ మెరుపు కొండ మీది కోటకు కనబడేది. "కూర్చున్న చోటు నుంచే బళ్ళన్నీ చూసేస్తున్నా!" అని మంత్రి మురిసిపోయేవాడు.

మాఘంలో ఒక పల్లెబడి పంతులుగారు జ్వరంతో పోయారు. పోతూపోతూ పక్కింటి ఆదెమ్మతో, "అద్దం ఆపకు తల్లీ, ఆగితే బడి ఎత్తేస్తారు" అన్నారు. మనవరాలు పైడికి నాలుగక్షరాలు రావాలని ఆదెమ్మ ఆశ. ఏడుస్తూనే రోజూ అద్దం తిప్పింది. కొత్త పంతుల్ని పంపమని కోటకు వెళ్ళి మొక్కింది.

"మీ బడి రోజూ మెరుస్తుంటే పంతులు లేడంటావేంటే? పో!" అని మంత్రి కసిరాడు.

మర్నాడు ఆదెమ్మ గుండె రాయి చేసుకుని, పంతులుగారి కండువా తెచ్చి అద్దం మీద కప్పేసింది. ఎండ ముదరకముందే మంత్రి గుర్రమెక్కి వచ్చేశాడు.

"అద్దానికేమైందే?"

"అద్దం బాగానే ఉంది బాబయ్యా. మనిషి పోయి మూడు నెలలైనా ఎవరూ రాలేదు. మెరుపు ఒక్క పూట ఆగితే తమరే వచ్చారు."

మంత్రి గుర్రం దిగి బడిలోకి నడిచాడు. లోపల పైడి ఇసుకలో 'ఎ' దిద్దుతోంది.

"దీని తర్వాతది ఏంటి పాపా?"

"తెలీదండి. పంతులుగారు ఇక్కడిదాకే చెప్పారు."

మంత్రి ఇసుక ముందు కూలబడి, పైడి వేలు పట్టుకుని 'ఏ' దిద్దించాడు. "రేపు పంతులొస్తాడమ్మా" అన్నాడు, తలెత్తకుండానే.

ఆదెమ్మ కండువా తీసి కళ్ళకద్దుకుంది.