గడప దాటి వచ్చిన వాకిలమ్మ

కండెలగుట్ట మీది గుడికి మొదటిసారి వచ్చే భక్తులు తికమకపడడం మామూలే. మెట్లెక్కి, కాళ్ళు కడుక్కొని, గర్భగుడిలోకి తొంగి చూస్తే అక్కడ ఒట్టి పీఠం కనిపిస్తుంది. అమ్మవారు గుడి బయట, గడపకు కుడిపక్కన, దారివైపు చూస్తూ నిలబడి ఉంటుంది. విగ్రహాన్ని ఎవరో బయట పెట్టి మరిచిపోయారనుకొని పూజారితో తగువుకు దిగినవారూ ఉన్నారు. ఆయనను ఏమీ అనకండి. అమ్మ తనంతట తానే బయటికి వచ్చింది. అందుకే ఆమెకు వాకిలమ్మ అని పేరు.

పూర్వం ఇక్కడ నలభై నేతగాళ్ళ ఇళ్ళుండేవి. ఏటా జాతరకు అమ్మవారికి కట్టే చీరను ఊరిలోకెల్లా మంచి పనివాడు నేసేవాడు. ఆ కాలంలో ఆ భాగ్యం భావనయ్యది. భార్య పురిటిలో పోయిన ఏడాది అతను సారాకు అలవాటుపడ్డాడు. మొదట నిద్ర పట్టడానికి తాగాడు. తరువాత చేతుల వణుకు ఆగడానికి తాగాడు. చివరికి తాగనిదే లేవలేని స్థితికి వచ్చాడు. మగ్గం మూలపడింది.

కులపెద్ద రాజలింగం మంచివాడే గాని మొండివాడు. ఆయనకు తెలిసిన వైద్యం ఒక్కటే, ఒట్టు. భావనయ్యను గర్భగుడిలోకి తీసుకువెళ్ళి, హారతి మీద చేయి పెట్టించి, ఇక తాగనని ప్రమాణం చేయించాడు. భావనయ్య మనస్ఫూర్తిగానే చేశాడు. రెండో రోజుకు ఒళ్ళంతా వణికి, లేని పాములు కనబడసాగాయి. మూడో రోజు తట్టుకోలేక మళ్ళీ తాగాడు. ఇలా మూడు ఒట్లు తప్పాయి. ఒట్టు తప్పినవాడు గడప తొక్కితే ఊరికి కీడని, అతణ్ణి గుడిలోకీ పంక్తిలోకీ రానివ్వరాదని రాజలింగం కట్టడి చేశాడు. శిక్షకంటే సిగ్గే భావనయ్యను ఎక్కువ బాధించింది. గుట్ట వెనుక బండల్లో దాక్కొని, అన్నం మానేసి, చావు కోసం ఎదురుచూశాడు.

అతని అక్క చంద్రవ్వ వెతికి పట్టుకొచ్చింది. లోపలికి రానివ్వరు గనుక గుడి వాకిట్లోనే చాప పరిచి పడుకోబెట్టింది. ఆ దారిన పోతున్న ముసలి వైద్యుడొకాయన నాడి చూసి, ఇది పొగరు కాదు, జబ్బు అన్నాడు. ఒక్కసారిగా మాన్పిస్తే ప్రాణం మీదికి వస్తుందని, మెల్లమెల్లగా తగ్గించాలని, పక్కన అయినవారు ఉండి తీరాలని చెప్పాడు. మూలికలు నూరుతూ తానూ అక్కడే ఆగిపోయాడు. చంద్రవ్వ గంజి తాగిస్తూ కూర్చుంది. అయిదో రోజున రాజలింగం వచ్చి వాకిలి ఖాళీ చేయమన్నాడు.

"మూడుసార్లు ఒట్టు తప్పిండు చంద్రవ్వా. ఇగ వానికీ అమ్మకూ సంబంధం లేదు."

"జరమొచ్చినోనితోని ఒట్టు పెట్టిస్తవా పెద్దయ్యా, ఇగ జరం రానియ్యనని?"

రాజలింగం విసుక్కుంటూ ఇంటికి వెళ్ళి, మధ్యాహ్నం నడుం వాల్చాడు. కలలో అమ్మ కనబడింది. గుడి బయట, మండుటెండలో, ఆ చాప పక్కన నిలబడి ఉంది. ఇక్కడెందుకమ్మా అని అడిగాడు.

"నా బిడ్డ రాని ఇంట్ల నాకేం పని? నేను ఒట్లు అడిగిన్నా? మీరే పెట్టిస్తిరి, మీరే ఎల్లగొడ్తిరి."

ఉలిక్కిపడి లేచి పరుగున వచ్చాడు. గుడికి వేసిన తాళం వేసినట్టే ఉంది. విగ్రహం మాత్రం గడప బయట ఉంది. పదిమంది పట్టినా కదలలేదు. రాజలింగం ఆ చాప మీద చతికిలబడి, భావనయ్య తలను ఒళ్ళోకి తీసుకొని ఏడ్చాడు. ఆనాటి నుంచి గంజి కాచే వంతు ఇంటింటికీ వచ్చింది.

భావనయ్య ఆ రోజే బాగైపోయాడని రాస్తే భక్తులకు వినసొంపుగా ఉండేది గాని, జరిగింది అది కాదు. అతను తేరుకొని మగ్గమెక్కాడు. ఆరు నెలలకు ఒక పెళ్ళిలో మళ్ళీ తాగాడు. కాని ఈసారి బండల్లో దాక్కోలేదు. తెల్లవారగానే తూలుతూ మెట్లెక్కి వచ్చి అమ్మ పక్కన కూలబడ్డాడు. రాజలింగమే ఎదురువెళ్ళి, తిన్నవా అని అడిగాడు. ఇంకేమీ అడగలేదు. అలా మరో రెండుసార్లు జరిగిందని పెద్దలు చెబుతారు. ఆ తరువాత జరగలేదు. మూడో ఏటి జాతరకు అమ్మ కట్టింది భావనయ్య నేసిన చీరే.

నేటికీ ఈ క్షేత్రంలో ఎవరిచేతా ఒట్టు పెట్టించరు. సారా కానివ్వండి, గంజాయి కానివ్వండి, మత్తు మాత్రలు కానివ్వండి, మానేసి మళ్ళీ పడినవారికి ఇక్కడ వరుసలో నిలబడే పని లేదు. మొదటి దర్శనం వారిదే. పూజారి వారిని అడిగేది భోజనం సంగతి ఒక్కటే. మంగళవారాలు పట్నం నుంచి డాక్టరుగారు వచ్చి సత్రంలో చూస్తారు. అమ్మ మీద భారం వేశామని చెప్పి ఆయన రాసిన మందులు మానేయకండి. వైద్యుణ్ణి తన వాకిట్లో కూర్చోబెట్టుకొన్న తల్లి ఆమె, మందు వేసుకొంటే కోపగించుకోదు. ఇక్కడికి అయిదుసార్లు పడి లేచి వచ్చిన లారీ డ్రైవరొకాయన ఇప్పుడు సత్రంలో గంజి కాస్తున్నాడు. సందేహాలుంటే ఆయనను అడగండి, ఓపిగ్గా చెబుతాడు.

కొబ్బరికాయ కొట్టడం, కొట్టకపోవడం మీ ఇష్టం. ఇంటికి వెళ్ళాక మాత్రం, మీ ఇంట్లో ఎవరి పేరెత్తడం మానేశారో వారికి కబురు పెట్టండి. వారు వచ్చి మీతో కలిసి విస్తరి ముందు కూర్చున్ననాడు మీ యాత్ర పూర్తయినట్టు.